రెండు గొట్టాలు, ఒక గొంతు

ఊ...

ముందు వినిపించింది అదే. మనిషి మూలుగు కాదు, గాలి ఈల కాదు, పిల్లి ఏడుపు అంతకన్నా కాదు. మూడింటి నుంచీ తలా కాస్త తీసుకుని, నాలుగోది ఏదో గోడ లోపల గొంతు సవరించుకున్నట్టుగా ఉంది. మొదట సన్నగా సాగింది. నడుమ బరువెక్కింది. చివర తెగిపోలేదు, ఎవరో నోరు మూసినట్టు ఆగింది.

కంటికి కనిపించినవన్నీ ఆ తర్వాతే. మధ్యాహ్నం నాలుగు గంటల ఎండ. వెనకగదిలో మంచం. మంచం మీద, పెదవి దాకా వచ్చి నిలిచిపోయిన టీ గ్లాసు. గ్లాసు వెనక కళ్లద్దాలు, కళ్లద్దాల వెనక మావగారు. తలుపుకి ఇవతల, తెర మడతలో, నవ్వు బయటికి రాకుండా రెండు చేతులతో నోరు నొక్కుకున్న అల్లుడు.

నొక్కుకోడా మరి? ఆ శబ్దానికి కన్నతండ్రి అతనే.

అతని పని హార్మోనియాలు బాగుచేయడం. వీధిలో అందరూ అతన్ని శ్రుతిపెట్టె అంటారు. తలుపు కిర్రుమంటే ఏ స్వరంలో కిర్రుమందో చెబుతాడు. కుక్క మొరిగితే "నిషాదం కాస్త దిగింది, పాపం" అని జాలిపడతాడు. పక్కింటావిడ తుమ్మితే రెండో తుమ్ము దాకా ఊపిరి బిగబట్టి, రెంటికీ పొంతన కుదిరిందో లేదో చూసుకుని గానీ అన్నంలో చెయ్యి పెట్టడు. భార్యకు అతను "ఏవండీ", మావగారికి "అల్లుడుగారు", వీధికి శ్రుతిపెట్టె. తనకు నాలుగక్షరాల పేరొకటి ఉందన్న సంగతి కరెంటు బిల్లు వచ్చినప్పుడు గానీ అతనికి గుర్తుండదు.

మావగారు నలభై ఏళ్లు ఆసుపత్రిలో మందులు కలిపిన కాంపౌండరు. వీధి ఆయనకు పెట్టిన పేరు అరమాత్ర. తలనొప్పయినా తలబిరుసయినా ఆయన చెప్పే మోతాదు ఒక్కటే: "అరమాత్ర చాలు." కంటికి ఆపరేషన్ చేయించుకుని, "రెండు వారాలుండి వెళ్తానమ్మా" అని చిన్న కూతురింటికి వచ్చారు. అది పద్నాలుగు నెలల కిందటి మాట.

ఆయన దిగిన వెనకగదే గొడవంతటికీ మూలం. తేమ చేరని గది, దుమ్ము చేరని గది, వీధి రొద చేరని గది. రీడ్లకు, అంటే హార్మోనియం లోపల స్వరం పలికే ఇత్తడి నాలుకలకు, శ్రుతి చేయడానికి అంతకన్నా మంచి చోటు ఆ ఇంట్లో లేదు. శ్రుతిపెట్టె పద్నాలుగు నెలలుగా వీధి వరండాలో, లారీ హారన్ల నడుమ, షడ్జమం కోసం చెవి రిక్కించి కూర్చుంటున్నాడు. ఒక సంగీత పాఠశాలవారు తమ హార్మోనియాలన్నీ అతనికే అప్పగిస్తామన్నారు. ఒకే ఒక్క షరతు పెట్టారు: నెలాఖరుకల్లా నిశ్శబ్దమైన గది చూపించాలి. నెలాఖరుకు ఇక పన్నెండు రోజులే ఉన్నాయి.

"మీ నాన్నగారు మీ అక్కయ్య దగ్గరికి ఎప్పుడు వెళ్తారోయ్?"

"మీ చెవులు ఎప్పుడు ఊరుకుంటే అప్పుడు."

"నేను మామూలుగానే అడిగాను."

"నేనూ మామూలుగానే చెప్పాను. ఇద్దరం మామూలుగానే ఉన్నాం కాబట్టి, లేచి ఆ గిన్నెలు అందుకోండి."

చెప్పి పంపడం కుదరదు. పంపకుండా కుదరదు. ఇక మిగిలింది, ఆయనంతట ఆయనే పెట్టె సర్దుకునేలా చేయడం. అందుకు కావలసిన ఆయుధాన్ని అల్లుడి చేతికి అందించింది మాత్రం సాక్షాత్తూ మావగారే. ఒక ఉదయం టీ తాగుతూ ఆయన తనకెంతో ఇష్టమైన మాట ఎత్తుకున్నారు. ఆ మాట సినర్జిజం.

"కలిసి పనిచేయడం అని దాని పుట్టుకలో ఉన్న అర్థం, అల్లుడుగారూ. కానీ ఊరికే కలిస్తే ఆ మాట వాడకూడదు. ఈ మందు నొప్పిని రెండు పాళ్లు తగ్గిస్తుంది. ఆ మందూ రెండు పాళ్లే. రెండూ కలిపి ఇస్తే నాలుగు పాళ్లు తగ్గిందనుకోండి, అది ఉత్త కూడిక. ఏడు పాళ్లు తగ్గితే? ఆ మిగతా మూడూ ఎక్కణ్నించి వచ్చాయి?"

"ఎక్కణ్నించి?"

"ఈ సీసాలో లేవు, ఆ సీసాలో లేవు. రెంటికీ నడుమ పుట్టాయి. అదండీ సినర్జిజం! అందుకే నేను అరమాత్ర అంటాను. రెండు సగాలు సరిగ్గా జోడిస్తే నిండు మాత్రకన్నా గట్టిగా పట్టుకుంటాయి. మందుల్లోనే కాదు, చేలో చల్లే పురుగుమందుల్లో వాడతారీ మాట, ఒంట్లో కండరాల గురించి వాడతారు. కాపురాల్లోనూ వాడొచ్చు."

"అన్ని కాపురాల్లోనా?" అని శ్రుతిపెట్టె భార్య వైపు ఓరగా చూశాడు.

"దానికి ఎదురుది కూడా ఉందిలెండి," అంది ఆమె. "ఇద్దరు కలిస్తే ఒక్కడి పాటి పని కూడా జరగదు. మీరూ నాన్నా కలిసి బల్బు మార్చిన రోజు చూశాగా."

మావగారు నవ్వలేదు. గ్లాసులోకి చూస్తూ, "జాగ్రత్త మటుకు ఉండాలి," అన్నారు. "విడివిడిగా పసిపిల్లల్లాంటి మందులే, కలిశాయంటే పడుకున్న మనిషిని మళ్లీ లేవనివ్వవు. నడుమ పుట్టింది మన మాట వింటుందన్న నమ్మకం లేదు."

ఆ చివరి మాట అల్లుడి చెవిని తాకింది గానీ లోపలికి దిగలేదు. అప్పటికే అతని చెవి గోడ మీద ఉంది.

ఎందుకంటే, ఇదే వింత అతని పనిలోనూ ఉంది. దగ్గరదగ్గర స్వరాలున్న రెండు రీడ్లను ఒక్కసారి మోగిస్తే, వాటి అడుగున మూడో మోత ఒకటి కదులుతుంది. పెట్టె విప్పి ఎంత వెతికినా ఆ మూడోదానికి రీడు కనిపించదు. ఇక గోడ సంగతి. ఆ ఇంటి వెనకగోడలో రెండు గొట్టాలున్నాయి. ఒకటి వంటింట్లో పాత పొయ్యి నాటి పొగగొట్టం. రెండోది వెనకగది కిటికీ పక్కన మొదలయ్యే గాలిగొట్టం. రెండూ పైకి పోయి, కప్పు కింద మలుపు తిరిగి, డాబా అంచున, వీధి వరండాకు సరిగ్గా నెత్తిన, జంటగా తెరుచుకుంటాయి.

ఆదివారం ఉదయం శ్రుతిపెట్టె రెండు పాత రీడ్లను తొలిచిన బిరడాలకు మైనంతో అతికించి, డాబా ఎక్కి, ఒక్కో గొట్టం మూతిలో ఒక్కోటి దించాడు. బిగించే ముందు నోటితో ఊది చూశాడు. ఒకటి టీ కెటిల్‌లా కూసింది. రెండోది నిద్రలో తాతగారి ఊపిరిలా ఉంది. రెండూ కలిపి ఊదాడు.

అతని చేతుల మీద రోమాలు అతనికి చెప్పకుండా లేచి నిలబడ్డాయి.

సాయంత్రపు గాలి లేవగానే జరిగింది మొదటే చూశాం. టీ గ్లాసు మెల్లగా కిందికి దిగింది. "అమ్మాయ్!" అని కేకేశారు మావగారు. తెర మడతలో అల్లుడి గుండె గంతేసింది.

"ఏంటి నాన్నా?"

"గోడలో ఎవరో ఉన్నారమ్మా."

"ఉంటే?"

"గొంతు బొంగురుపోయింది, పాపం. ఆ తెల్ల సీసా ఇలా ఇయ్యి."

ఒక మాత్రను రెండుగా విరిచి, సగాన్ని కిటికీ గట్టు మీద గొట్టం పక్కన పెట్టి, "అరమాత్ర చాలు, బాబూ," అని గోడకు చెప్పి, మావగారు మిగిలిన టీ తాగేశారు.

మర్నాడు పొద్దున్న చూస్తే గట్టు మీద ఆ సగం లేదు.

శ్రుతిపెట్టె వంగి చూశాడు. చీమల బారు లేదు, పొడి లేదు, కిటికీ కింద నేల మీద ఏమీ లేదు. శబ్దం చేసింది తను. ఆ శబ్దానికి నోరు లేదని తనకు తెలుసు. మరి మందు ఎవరు మింగారు?

"నువ్వు తీశావా?"

"ఏది?"

"కిటికీ దగ్గర మాత్ర."

"గోడలో ఆయనకి పెట్టింది నేనెందుకు తీస్తానండీ? రోజూ చేసేది రోగుల పనేగా. ఒకరి మందు ఒకరికి పోనిస్తానా?"

నిజమే. ఆమె పొద్దుటి పూట కంటి ఆసుపత్రిలో కిటికీ దగ్గర నిలబడి రోగుల పేర్లు పిలుస్తుంది. రోజుకు రెండు వందల పేర్లు. తడబాటుండదు, తొందరుండదు. గుడ్డి వెలుతురులో దిక్కుతోచక కూర్చున్నవాళ్లు ఆ గొంతు పట్టుకునే లేచి వస్తారు.

మంగళవారం నాలుగింటికి గాలి లేచింది. వరండాలో శ్రుతిపెట్టె ఒక రీడును ఆకురాయితో గీస్తున్నాడు. నెత్తిన "ఊ..." మొదలైంది. తృప్తిగా తలాడించాడు. కాసేపటికి గాలి ఆగింది.

శబ్దం ఆగలేదు. అది అతని పేరు పిలిచింది.

నాలుగక్షరాలూ. మొదటి రెండూ నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు, చివరి రెండూ మట్టి అడుగు నుంచి వచ్చినట్టు. అది ఆడగొంతు కాదు, మగగొంతూ కాదు. ఆకురాయి జారి అతని కాలి మీద పడింది. పడిన సంగతి అతనికి చాలాసేపటికి గానీ తెలియలేదు.

లోపలికి పరిగెత్తాడు. వెనకగదిలో మావగారు పుస్తకం గుండెల మీద బోర్లించుకుని గుర్రు పెడుతున్నారు. వంటింట్లో భార్య గ్లాసులు కడుగుతోంది.

"నన్ను పిలిచావా?"

"లేదే."

"పేరుపెట్టి పిలిచావా అని."

గ్లాసు మీద ఆమె చెయ్యి ఆగింది. "పేరుపెట్టా? నేనా? పదకొండేళ్లలో ఎప్పుడైనా పిలిచానా?"

పిలవలేదు. ఎందుకు పిలవలేదో ఇద్దరికీ తెలుసు. పెళ్లయిన మొదటి వారంలో ఒక రోజు ఆమె గుమ్మంలో నిలబడి, ఉన్న ధైర్యమంతా గొంతులోకి తెచ్చుకుని, అతన్ని పేరుపెట్టి పిలిచింది. హార్మోనియం మీద వంచిన తల ఎత్తకుండానే అతను అన్నాడు: "మొదటి రెండక్షరాలూ బాగున్నాయి. చివరి రెండూ కాస్త కిందికి దిగాయి. మళ్లీ అను." ఆమె మళ్లీ అనలేదు. ఆ రోజు అనలేదు, ఆ ఏడు అనలేదు. ఊళ్లో ఉన్న పేర్లన్నీ పిలిచే ఆ గొంతు ఇంటికొచ్చాక "ఏవండీ" దగ్గర ఆగిపోతుంది.

కాబట్టి పిలిచింది ఆమె కాదు. మావగారా? మాటలో మాటగా ఆయన్ని కదిపి చూశాడు.

"మావయ్యగారూ, నా పేరు మీకు గుర్తుందాండీ?"

"తప్పుగా అనుకోకండి అల్లుడుగారూ. శుభలేఖ మీద చదివిన జ్ఞాపకం. 'వెం'తో మొదలవుతుందా?"

ఆయనా కాదు. ఆ పేరును నోరారా పిలిచిన మనిషి ఒక్కతే, అతని తల్లి. ఆమె పోయి ఎనిమిదేళ్లు.

శ్రుతిపెట్టెకు మావగారి మాట అప్పుడు గుర్తొచ్చింది. నడుమ పుట్టింది మన మాట వింటుందన్న నమ్మకం లేదు.

బుధవారం పొద్దున్నే డాబా ఎక్కి ఒక రీడును పీకేశాడు. తోడు లేకపోతే రెండోది వట్టి ఊపిరేనని ధైర్యం చెప్పుకున్నాడు. నాలుగింటికి పేరు మళ్లీ వినిపించింది. నిచ్చెన మీద రెండేసి మెట్లు ఒక్కసారి ఎక్కి రెండోదీ పీకేశాడు. రెండు బిరడాలూ గుప్పిట్లో పెట్టుకుని గొట్టాల ముందు నిలబడ్డాడు. గాలి లేదు. రీడు లేదు. రెండు నల్లటి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

ఈసారి పేరు ఇంకా స్పష్టంగా వచ్చింది.

నిచ్చెన ఎలా దిగాడో అతనికి తెలియదు. చివరి నాలుగు మెట్లకూ అతని కాళ్లతో పనిపడలేదని పక్కింటావిడ తర్వాత చెప్పింది.

గురువారం మధ్యాహ్నం కంటి పరీక్షకని భార్య మావగారిని ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఇల్లు ఖాళీ. శ్రుతిపెట్టె కోరుకున్న నిశ్శబ్దం ఇంటినిండా ఉంది. వెనకగదిలో కూర్చుని చూశాడు. హార్మోనియం ముందు పెట్టుకున్నాడు. తిత్తి లాగడానికి చెయ్యి రాలేదు. నిశ్శబ్దం ఎవరిదో చెవిలా అతని మీదికి వంగి ఉంది. తండ్రీ కూతుళ్లు తిరిగొచ్చేసరికి అతను వీధిమెట్ల మీద, ఒక కాలికి చెప్పుతో, ఒళ్లో గొడుగుతో ఉన్నాడు. ఎండా లేదు, వానా లేదు.

"గొడుగెందుకండీ?"

"ఊరికే. తోడుగా."

ఆ రాత్రి నుంచి ఆమె గదిలోంచి గదిలోకి వెళ్తే అతను వెంట వెళ్లాడు. ఆమె నీళ్లు తాగితే అతనికీ దాహం వేసింది. వరండాలో ఉన్న పనిబల్లను తెల్లారగానే మోసుకొచ్చి మావగారి మంచం పక్కన వేశాడు. "ఇక్కడ వెలుతురు బాగుంది," అన్నాడు. ఆ మూల వెలుతురే లేదు.

శుక్రవారం మధ్యాహ్నం మావగారు మంచం కిందనుంచి పెట్టె లాగారు. చొక్కాలు మడతపెట్టారు. సీసాలు గుడ్డలో చుట్టారు.

"ఏంటి మావయ్యగారూ ఇది?"

"పెద్దమ్మాయి దగ్గరికి వెళ్తానండీ. మీ గది మీకు ఉండాలి కదా. హాయిగా, ఒక్కరూ, తలుపేసుకుని పని చేసుకోండి."

ఒక్కరూ. తలుపేసుకుని. ఏ మాటల కోసం వారంగా తపస్సు చేశాడో ఆ మాటలే చల్లటి నీళ్లలా వెన్ను మీద పడ్డాయి. శ్రుతిపెట్టె వెళ్లి పెట్టె మీద కూర్చున్నాడు.

"మీరు వెళ్లడానికి వీల్లేదు."

"అదేంటి, రెండు వారాలనే కదా వచ్చాను?"

"ఇరవై ఏళ్లుండండి. గది మీది, మంచం మీది, గోడ మీది. నాకు ఆ మూల చాలు. మీరు గురక పెడుతుంటే నాకు ధైర్యంగా... శ్రుతిగా ఉంటుంది."

వంటింటి గుమ్మంలో భార్య తువ్వాలుతో చేతులు తుడుచుకుంటోంది. ఆ చూపును అతను తట్టుకోలేకపోయాడు. జేబులోంచి రెండు బిరడాలూ తీసి పనిబల్ల మీద పెట్టాడు. ఆదివారం నుంచి జరిగిందంతా ఒక్క ఊపిరిలో కక్కేశాడు.

మావగారు ఆశ్చర్యపోలేదు. బిరడాను వెలుతురుకు ఎత్తి చూసి, "మైనం బాగా కుదిరింది," అన్నారు. "ఆదివారం మీరు టీ ఇచ్చినప్పుడు మీ బొటనవేలికి ఉందిది."

"అంటే... మీకు తెలుసా?"

"గాలి ఆగితే ఆగిపోయే దయ్యాన్ని నేనింతవరకు చూళ్లేదండీ."

"మరి ఆ మాత్ర?"

"నేనే వేసుకున్నాను. పారేస్తే వృథా కదా."

శ్రుతిపెట్టె భార్య వైపు తిరిగాడు. "పేరు? పేరు పిలిచింది నువ్వేగా?"

"నేను పిలవలేదు. ఇక మీ పేరెత్తనని ఆ రోజే ఒట్టేసుకున్నదాన్ని ఎలా పిలుస్తాను?" ఆమె పొయ్యి పక్కన గోడలో ఉన్న నల్లటి కన్నాన్ని చూపించింది. "మొదటి రెండక్షరాలూ నేను ఇక్కణ్నించి అన్నాను. బాగున్నాయని మీరన్న సగం. మిగతా సగం నాన్న ఆ గదిలోంచి అన్నాడు. మొత్తం పేరు ఎవరం అనలేదు. అది మీ నెత్తిన కలిసింది."

"అరమాత్ర అమ్మాయి, అరమాత్ర నేను," అన్నారు మావగారు వినయంగా. "మీరు బిరడాలు తీసేశాక మా పని ఇంకా సులువైంది. గదిలో ఓ మూల కావాలని మొదటి వారమే అడిగి ఉంటే, నేను పగలంతా గ్రంథాలయంలో కూర్చునేవాణ్నిగా, అల్లుడుగారూ."

శ్రుతిపెట్టె సిగ్గుతో నేల చూశాడు, తర్వాత పెట్టె తాళం చూశాడు, తర్వాత తనకే నవ్వొచ్చింది. వారం తర్వాత గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"బాగా పట్టారు నన్ను. నిన్నటిది మరీనూ. మూడుసార్లు! గొడుగు పట్టుకుని వీధిలోకి ఉరికాను."

"నిన్నా?" అంది ఆమె.

"నిన్నే. గురువారం. నాలుగింటికి."

తండ్రీ కూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె పెదాల మీది నవ్వు మెల్లగా దిగిపోయింది.

"నిన్న నాలుగింటికి మేం ఆసుపత్రిలో ఉన్నాం కదండీ. నాన్న కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. నేను పక్కనే ఉన్నాను."

గోడ మీద గడియారం నాలుగు కొట్టింది. కిటికీ తెర కదలడం లేదు. రెండు రీడ్లూ పనిబల్ల మీద, అందరికీ కనిపిస్తూ ఉన్నాయి. ముగ్గురి నోళ్లూ మూసే ఉన్నాయి.

గోడ లోపల రెండక్షరాలు పలికాయి. నీళ్ల అడుగు నుంచి. తర్వాత ఆగింది.

మిగతా రెండూ రాలేదు. సగం దగ్గర ఆగి, దేనికోసమో ఎదురుచూస్తున్నట్టుగా ఉంది.

"మనమే నేర్పాం దానికి," అన్నారు మావగారు గుసగుసగా. ఆయన చెయ్యి తెల్ల సీసా కోసం తడిమింది. సీసాలో మాత్రలు గలగలలాడాయి. ఈసారి ఎన్ని వేయాలో ఆయన చెప్పలేదు.

శ్రుతిపెట్టె భార్య దగ్గరికి జరిగాడు. ఏళ్ల తరబడి ఆగిపోయిన స్వరమొకటి చెవిలో వేలాడుతున్నట్టుంది. అది ఈ వారంలో ఆగింది కాదు. పదకొండేళ్ల కింద, గుమ్మం దగ్గర ఆగింది.

"సగాలొద్దు," అన్నాడు. "నువ్వు పిలువు. మొత్తం."

"చివరి రెండూ కిందికి దిగితే?"

"దిగనీ."

"మళ్లీ అనమంటారా?"

"అంటాను. శ్రుతి కోసం కాదు."

ఆమె తువ్వాలు భుజాన వేసుకుంది. గోడ వైపు తిరగలేదు. అతని వైపు తిరిగింది. దిక్కుతోచనివాళ్లను కిటికీ దగ్గరికి నడిపించే గొంతును సవరించుకుంది. గోడ లోపల ఏదో చెవి ఒగ్గినట్టు ఇల్లంతా సద్దుమణిగింది.

"పూర్ణచంద్రం!"